రెండో చరణం మీద నా బొటనవేలు

నా కుడిచేతి బొటనవేలు చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. గోరు కాస్త వంకర, అంతే. కానీ ఈ వేలు ఒక ఆదివారం మధ్యాహ్నం పద్మారావు నగర్‌లో, ఒక మేడ మీది వాటాలో, ఒక్క నొక్కుడుతో చేసిన ఘనకార్యం వింటే మీరు నాకు చేయి కలపడానికి కూడా వెనకాడతారు. ఒక ఇల్లాలు ఎంతో కాలంగా ఎదురుచూస్తున్న మాటని అది ఇంకొకరి గొంతులోనే ఆపేసింది. దేనికోసమంటారా? అంత్యాక్షరిలో ఒక పాయింటు కోసం. అదీ జపాన్ పాటల అంత్యాక్షరి. నవ్వుకోండి, ఫర్వాలేదు. నేను కూడా సగం దాకా నవ్వుతూనే చెబుతాను. ఆ తర్వాత ఎలా చెబుతానో మాత్రం హామీ ఇవ్వలేను.

అసలు నేను జపాన్ భాష జోలికి ఎందుకు వెళ్లాను? మాది సీతాఫల్‌మండి. నాన్న రైల్వేలో ఫిట్టరు. అప్పట్లో మా వైపు కంప్యూటర్ నేర్చుకోనివాణ్ని చూస్తే జాలిపడేవాళ్లు. అందరితోపాటు నేనూ నేర్చుకున్నాను, అందరితోపాటు నాకూ ఉద్యోగం వచ్చింది. జీతంతో ఇంట్లోకి ఫ్రిజ్ కొందామనుకునేలోగా అమెరికాలో ఏదో మునిగింది, ఇక్కడ నా కుర్చీ పోయింది. "అమెరికా ఖతమ్ అయింది తమ్మీ, ఇగ జపానే" అని మా గల్లీలో ఇస్త్రీ బండి ఆయన కూడా నాకు సలహా ఇచ్చాడు. ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు కానీ నేను నమ్మాను. పని లేనివాడికి ఎవరు చెప్పినా నిజంలాగే ఉంటుంది.

జపనీసు నేర్పే సుభద్ర గారి ఇల్లు అలా దొరికింది. వాళ్లది విజయనగరం వైపు. భర్త జోగారావు గారు ఓడల ఇంజనీరు. ఇద్దరూ చాలా ఏళ్లు జపాన్‌లో, కోబే అనే రేవు ఊళ్లో ఉండి వచ్చారు. మొదటి రోజే ఆవిడ నన్ను కూర్చోబెట్టి అడిగారు.

"ఏటి నాయనా, జపనీసు ఎందుకు నేర్చుకుంటావు?"

"జాబ్ కోసం మేడమ్."

"మేడమ్ అనకూడదు. సెన్సే అనాలి. సెన్సే అంటే గురువు."

"సరే సెన్సే గారూ."

"గారు అక్కర్లేదమ్మా. సెన్సేలోనే ఉంది గారు."

"గట్లనా? ఉత్త సెన్సే అంటే మా నాయిన తిడ్తడు సెన్సే గారూ."

ఆవిడ నవ్వారు. కిటికీ పక్కన కుర్చీలో ఉన్న జోగారావు గారు నవ్వలేదు. నా వైపు చూశారంతే. ఆయనకి పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయిందని, దాంతోపాటు మాట కూడా పోయిందని అప్పుడు తెలిసింది. తెలుగు, ఇంగ్లీషు, జపనీసు, మూడూ ఒకేసారి పోయాయి. అర్థం మాత్రం అన్నీ అవుతాయి. మంచినీళ్లు కావాలంటే ఎడమచేత్తో కుర్చీ మీద తడతారు. పేపరు కావాలన్నా అదే తట్టుడు. ఏ తట్టుకి ఏది తేవాలో సెన్సేకి మాత్రమే తెలుసు.

అయితే ఆయనకి ఒక పాట వచ్చు. మీరు సరిగ్గానే చదివారు. మాట రాని మనిషికి పాట వచ్చేది. మాటలు తలలో ఒక చోట ఉంటే పాటలు ఇంకో చోట ఉంటాయని, అందుకే కొందరికి అలా జరుగుతుందని డాక్టరు చెప్పాడట. వాళ్లింట్లో జపాన్ నుంచి తెచ్చుకున్న కరావొకే పెట్టె ఉండేది. టీవీకి తగిలిస్తే తెర మీద పాట అక్షరాలు నడుస్తాయి, పెట్టె సంగీతం వాయిస్తుంది, మనం మైకు పట్టుకుని పాడాలి. అక్కడి కరెంటు వేరు, ఇక్కడి కరెంటు వేరు కాబట్టి దానికి రాణిగంజ్‌లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కట్టించారు. అది పాటకంటే గట్టిగా గుర్రు పెట్టేది. ఆదివారం క్లాసు అయ్యాక సెన్సే ఆ పెట్టె పెట్టేవారు. ఉచ్చారణ బాగుపడుతుందని మాకు చెప్పేవారు.

ఇప్పుడు చెప్పబోయేది నాకు అప్పట్లో తెలియదు. మీకు మాత్రం ముందే చెప్పేస్తున్నాను. నన్ను ఎక్కడ తిట్టాలో మీకు సరిగ్గా తెలియాలి కదా.

ఆ పెట్టె మా ఉచ్చారణ కోసం కాదు, జోగారావు గారి కోసం. ఆయన పాడే పాట కోబే రోజుల నాటిది. వానలో రేవు వదిలిపోతున్న ఓడ మీద నిలబడి ఒకతను ఒడ్డున ఉన్న అమ్మాయిని పిలుస్తుంటాడు. రెండో చరణంలో ఆ అమ్మాయి పేరు వస్తుంది. జోగారావు గారు ఆ పేరు తీసేసి అక్కడ "సుభద్రా" అని పెట్టి పాడేవారట. జపాన్ పాటలో ఈ సుభద్ర ఎక్కడి నుంచి దిగిందని వాళ్ల ఆఫీసు వాళ్లు పడి పడి నవ్వేవారట. పక్షవాతం వచ్చాక ఆ పాట మొదటి చరణం ఒక్కటే ఆయన నోట వస్తోంది. ఏదో ఒక రోజు రెండో చరణంలోకి వెళితే, ఆ చోటుకి వస్తే, తన పేరు మళ్లీ ఆయన నోట వింటానని సెన్సే ఆశ. ప్రతి ఆదివారం మాకు ఉప్మా వడ్డించి, చేతులు తుడుచుకుని, ఆయన ఎదురుగా నిలబడి ఆవిడ ఎదురుచూసేది దానికోసమే.

నాకేం తెలుసు? నా ధ్యాసంతా పాటల పుస్తకం మీద ఉండేది.

ఆ పుస్తకం చూసిన రోజు నాకు కలిగిన ఆనందం, ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. అందులో పాటలన్నీ మొదటి అక్షరం ప్రకారం పేర్చి ఉన్నాయి. అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, కి, కు, కె, కొ. మన గుణింతమే, కాస్త వరస మార్చుకుని జపాన్ వెళ్లింది! ప్రతి పాట పక్కన ఒక నంబరు. రిమోట్ మీద ఆ నంబరు కొడితే పాట మొదలు. నేను స్కూల్లో అంత్యాక్షరి వీరుణ్ని. విహారయాత్ర బస్సుల్లో నా పక్క సీటు కోసం తగువులు పడేవాళ్లు. అలాంటివాడి చేతికి అక్షరాల వరసలో పాటల పుస్తకం ఇస్తే ఏమవుతుంది?

"స్వప్నా, గిటు సూడు! గిది అంత్యాక్షరి బుక్కే" అన్నాను.

స్వప్న నా క్లాస్‌మేటు. ఏ.ఎస్. రావు నగర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. నాకంటే బాగా చదివేది, నాకంటే బాగా పాడేది. అందువల్ల ఆమె అంటే నాకు గొప్ప గౌరవం, ఆమెని ఓడించాలని అంతకంటే గొప్ప కోరిక.

"పాటలకు మీనింగ్ సుత తెల్వదు నీకు. ఏం పాడ్తవ్?" అంది.

"అంత్యాక్షరిల మీనింగ్ ఎవడు చూస్తడు? ఫస్ట్ అక్షరం కలిస్తే చాలు."

"కరావొకేల పాట మొత్తం పాడాలె మల్లేశ్."

"ఎందుకు? మొదటి చరణం అయిపోంగనే లాస్ట్ అక్షరం పట్టుకొని, స్టాప్ కొట్టి, కొత్త నంబర్ కొట్టుడే. ఎవరు ముందు కొడ్తె వాళ్లకు పాయింట్."

సెన్సే విని ముచ్చటపడ్డారు. "బాగుందర్రా, ఆడుకోండి. అక్షరాలు గుర్తుంటాయి" అన్నారు. ఒక్క షరతు పెట్టారు. "ఆయన పాట మాత్రం మధ్యలో ఆపొద్దు. ఆయన పాడకపోయినా సరే, చివరిదాకా పోనివ్వండి."

అలా మొదలైంది మా ఆట. జపాన్ లిపిలో బొమ్మల్లాంటి అక్షరాలు వేలల్లో ఉంటాయి, అవి నాకు రావు. నాకు వచ్చినవి పిల్లలు నేర్చుకునే తేలిక అక్షరాలు. కాబట్టి నేను పాడగలిగినవి ఆ అక్షరాలతో రాసిన పాటలే. అవి ప్రేమ పాటలో, భక్తి పాటలో, నాకు తెలియదు. 'త' వస్తే 'త' పాట, 'న' వస్తే 'న' పాట. కళ్లు మూసుకుని ఆరున్నొక్క శ్రుతిలో అందుకునేవాణ్ని. కింది వాటా వాళ్లు ఒకసారి పైకి వచ్చి, "అంతా బాగనే ఉన్నరా?" అని అడిగి వెళ్లారు.

నాలో ఒక దుర్మార్గపు తెలివి కూడా ఉంది. జోగారావు గారు ప్రతి వారం అదే పాట, అదే చరణం. ఆ చరణం 'మి'తో ముగుస్తుంది. అంటే ఆయన తర్వాత వచ్చేవాడికి 'మి' ఖాయం. ఇది కనిపెట్టి, 'మి'తో మొదలయ్యే పాటల నంబర్లు ముందే అరచేతిలో రాసుకుని, ఆయన కుర్చీ పక్కనే కింద కూర్చోవడం మొదలుపెట్టాను.

"మల్లేశుకి ఈయనంటే ఎంత అభిమానమో చూశావేటమ్మా" అని సెన్సే స్వప్నతో అన్నారు. నాకు అదనంగా జీడిపప్పు పడేది ఉప్మాలో. నేను సిగ్గు లేకుండా తిన్నాను.

ఇక ఆ ఆదివారం. నాకూ స్వప్నకీ పాయింట్లు సమానం. ఒక్క పాయింటు ఎవరికి వస్తే వాళ్లే విజేత. పైగా నాలుగింటికి కరెంటు తీసేస్తారు, అప్పటికి ఎంతో టైము లేదు. సరిగ్గా అప్పుడు జోగారావు గారు కుర్చీ మీద తట్టారు. సెన్సే ఆయన పాట పెట్టి, మైకు ఆయన ఎడమచేతికి ఇచ్చి, ఎప్పటిలాగే ఎదురుగా నిలబడ్డారు.

ఆయన మొదలుపెట్టారు. గొంతు జీరగా ఉన్నా తప్పు పోదు. ఒక్కో మాటా తడబడకుండా వస్తుంటే, ఈయనకి మాట రాదంటే ఎవరైనా నమ్ముతారా అనిపించేది. చరణం అయింది. 'మి' వచ్చేసింది. మధ్యలో ఉత్త సంగీతం మొదలైంది. ఎప్పుడూ ఆయన అక్కడ మైకు ఒళ్లోకి దించి ఆగిపోతారు. మిగతా పాటంతా సంగీతం ఒక్కటే, ఎవరూ పాడని అక్షరాలు తెర మీద నడుస్తాయి. ఆ ఖాళీ పాట పూర్తయ్యేదాకా మేం ఊరికే కూర్చోవాలి.

నేను గడియారం చూశాను. స్వప్న చేయి రిమోట్ వైపు కదిలినట్టు అనిపించింది. ఆమె పమిట సర్దుకుందట పాపం. నేను రిమోట్ లాక్కున్నాను. తల వంచి అరచేతిలో నంబరు చూసుకుంటున్నాను. ఎవరో ఏదో సన్నగా పాడుతున్నట్టు వినిపించింది. స్వప్న ముందే రాగం తీసి దొంగాట ఆడుతోంది అనుకున్నాను.

నొక్కేశాను.

టక్కున సంగీతం ఆగింది. నా నంబరు కొట్టాను. కిలకిలమంటూ కొత్త సంగీతం మొదలైంది. నేను ఇంకో మైకు అందుకుని, లేచి నిలబడి పాడాను. ఎంత బాగా పాడానంటే, గదిలో ఒక్కరూ కిక్కురుమనలేదు. నా ప్రతిభకి నోట మాట రాక అలా ఉండిపోయారనుకుని ఇంకా రెచ్చిపోయాను. చేతులు కూడా ఊపాను. అది కుందేలు పిల్ల చెవుల మీద నర్సరీ పిల్లలు పాడుకునే పాట అని తర్వాత తెలిసింది.

అప్పుడు రెండో మైకులోంచి ఒక కేక వచ్చింది. ఆ పెట్టెలో గొంతుని ప్రతిధ్వనింపజేసే ఏర్పాటు ఒకటి ఉంది. దాని పుణ్యమా అని ఆ కేక ఇల్లంతా తిరిగి తిరిగి వచ్చింది.

"వెధవా! ...ధవా ...ధవా ...ధవా..."

నేను ఆగిపోయాను. కుందేలు పిల్ల సంగీతం ఆగలేదు. జోగారావు గారు ఎర్రబడిన మొహంతో, మైకు నోటికి ఆనించుకుని, నన్నే చూస్తున్నారు. సెన్సే చేయి గాల్లోనే ఉంది, నన్ను ఆపడానికి చాపింది, చాపినట్టే ఉండిపోయింది.

"ఏటన్నారు?" అన్నారు సెన్సే. "ఏటండీ, ఏటన్నారు మీరు?"

"వెధవా" అన్నారాయన మళ్లీ, నా వైపు చూపిస్తూ.

పక్షవాతం వచ్చాక ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. అందుకు కారకుణ్ని నేను. గర్వపడాలో, కిటికీలోంచి దూకాలో తెలియలేదు. సెన్సే నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే కింద కూలబడి ఆయన మోకాళ్లు పట్టుకున్నారు. "తిట్టండి, ఇంకా తిట్టండి. నన్ను కూడా తిట్టండి" అంటున్నారు. అది నవ్వు కాదని తెలియడానికి నాకు కాస్త సమయం పట్టింది.

ఆ తర్వాత పాట మళ్లీ పెట్టారు. ఆయన మొదటి చరణం పాడి ఆగిపోయారు. ఇంకోసారి పెట్టారు. అక్కడే ఆగారు. ఎవరూ పాడని అక్షరాలు తెర మీద నడిచాయి. సెన్సే వాటి వంకే చూస్తూ నిలబడ్డారు. ఇంకోసారి పెట్టబోతుండగా కరెంటు పోయింది.

"చాల్లెండి. ఆయనకి అలుపొచ్చింది" అన్నారు సెన్సే. "మీరు వెళ్లండర్రా. జాగ్రత్తగా వెళ్లండి."

స్వప్న నాకంటే ముందు మెట్లు దిగింది. వీధి చివరికి వచ్చాక ఆగింది.

"నువ్వు చూడలే కదా?" అంది.

"ఏంది?"

"ఆయన సెకండ్ చరణం షురూ చేసిండు మల్లేశ్. ఫస్ట్ టైమ్. రెండు మాటలు పాడిండు. ఆ తర్వాత వచ్చేదే సెన్సే పేరు. సెన్సేనే కిచెన్‌ల చెప్పింది నాకు, అప్పుడెప్పుడో. నేనన్నా నీకు చెప్పాల్సుండె."

ఆ సన్నటి పాట స్వప్నది కాదు. నా పక్కన, నా చెవికి జానెడు దూరంలో, ఆ పెద్దమనిషి ఎంత కష్టపడి ఆ ఖాళీ సంగీతం దాటి వచ్చాడో, నేను అరచేయి చూసుకుంటూ వినలేదు. ఆ రోజు సీతాఫల్‌మండి దాకా నడిచే వెళ్లాను. ఇంటికెళ్లి సబ్బుతో చేయి కడిగాను. ఆ నంబర్లు ఓ పట్టాన పోలేదు.

మొహం చెల్లక వారం రోజులు వెళ్లలేదు. సెన్సేయే ఇంటికి ఫోన్ చేశారు.

"రావేటి నాయనా? ఆయన నీకోసం చూస్తున్నారు."

"తిట్టనీకా సెన్సే గారూ?"

"అవును మరి. నిన్ను చూస్తేనే వస్తోంది ఆ మాట."

ఆ విధంగా నాకు మళ్లీ ఉద్యోగం దొరికింది. సాయంత్రాలు వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుని రిమోట్ నొక్కబోతున్నట్టు నటించేవాణ్ని. ఆయన "వెధవా" అనేవారు. అలా అలా ఆ మాట ఆయనకి పట్టుబడింది. మంచినీళ్లకి వెధవా, పేపరుకి వెధవా, కిటికీ మీద పావురానికి వెధవా. సెన్సేని కూడా అలాగే పిలిచేవారు. ఆవిడ "ఆఁ, వస్తున్నా" అంటూ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేవారు. పెళ్లయిన ఇన్నేళ్లకి మొగుడి చేత ఇన్ని తిట్లు తింటున్నది ప్రపంచంలో నేనొక్కదాన్నే అని నవ్వేవారు. నేను మాత్రం ఆయన కోపంగా అంటున్నారో, ప్రేమగా అంటున్నారో పోల్చుకోవడానికి ప్రయత్నించేవాణ్ని. కొన్నిసార్లు ఆయన కళ్లలో నవ్వు ఉండేది. అది చూసినప్పుడు నాకు ఇంకా బాధగా ఉండేది.

ఆదివారాలు పాట పెడుతూనే ఉన్నారు. ఆయన ఆ సంగీతం మళ్లీ దాటలేదు. మరుసటి వానాకాలంలో, నిద్రలో పోయారు.

దినకార్యాలు అయ్యాక వెళ్లాను. చుట్టాలంతా వెళ్లిపోయారు. సెన్సే ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. నేను ఎప్పటిలా కింద కూర్చున్నాను. క్షమించమని అడగడానికి ఎన్నో వాక్యాలు కూడబలుక్కుని వెళ్లాను, జపనీసులో కూడా ఒకటి. ఏదీ నోటికి రాలేదు. ఆవిడే అడిగారు.

"మల్లేశూ, ఆ రోజు ఆయన పక్కనే ఉన్నావు కదా?"

"ఉన్న."

"నువ్వు నొక్కేసరికి, నేను దూరంగా ఉన్నాను, సంగీతంలో నాకు సరిగ్గా వినిపించలేదు. నీకు వినిపించిందేటి? 'సు' అన్నారా? ఆ ఒక్క అక్షరమైనా అన్నారా?"

జపాన్ పాటల మొదటి అక్షరాలన్నీ కంఠస్థం చేసినవాణ్ని. 'సు'తో మొదలయ్యే పాటలు ఒక పేజీ నిండా ఉంటాయి, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ ఒక్క 'సు' మాత్రం నేను వినలేదు. ఆయన అన్నారో లేదో ఖాయంగా చెప్పగలిగేంత దగ్గరగా ఉన్నవాణ్ని నేనొక్కణ్నే, ఆ క్షణంలో నేను 'మి' వెతుక్కుంటున్నాను.

"అన్నరు సెన్సే" అన్నాను. "సు అన్నరు. నేను విన్న."

ఆవిడ నా మొహంలోకి చూశారు. నాకు అబద్ధం ఆడటం చేతకాదు, చెవులు ఎర్రబడతాయి. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, చేయి చాపి నా తల మీద ఒకటి మెత్తగా మొట్టారు.

"వెధవా" అన్నారు.

కాబట్టి పాఠక మహాశయులారా, ఈ వంకర గోరు బొటనవేలు సాక్షిగా నేను చేస్తున్న ప్రతిజ్ఞ వినండి. ఇక మీదట ఎవరి పాటా మధ్యలో ఆపను. మా అపార్ట్‌మెంటు అధ్యక్షుడు గణపతి మండపంలో మైకు పట్టుకుని రాగాన్ని చీల్చి చెండాడుతున్నా సరే, మెయిన్ స్విచ్చు నా వీపుకే తగులుతున్నా సరే, చుట్టుపక్కల వాళ్లు చేతులు జోడించి నన్ను బతిమాలినా సరే, ఆపను. మధ్యలో గొంతు పట్టేసి ఆయన ఆగిపోతే, మిగతావాళ్లు లేచి వెళ్లిపోయినా, నేను కూర్చునే ఉంటాను. ఇంకో చరణం ఉందేమో, మనకేం తెలుసు?